ఊడినది వేరు, తెగినది వేరు

“మీకు బెంగళూరు నీళ్లు పడలేదండీ” అన్న మాట ఈ ఊరికి వచ్చిన నాలుగో నెలకే పదిమంది నోట విన్నాను. 2021 జూన్‌లో రాజమహేంద్రవరం నుంచి వచ్చి, మహదేవపుర వైపు ఒక అపార్ట్‌మెంటులో అద్దెకు దిగాము. అక్టోబరు వచ్చేసరికి దువ్విన ప్రతిసారీ దువ్వెనకు నిమ్మకాయంత ఉండ చుట్టుకునేది. తలంటుకున్న రోజున స్నానాల గది జాలీ మూసుకుపోయి నీళ్లు చీలమండల దాకా నిలిచేవి. పక్క ఫ్లాటులోని అనంతపురం అక్క, ఆఫీసులో చిత్తూరు నుంచి వచ్చిన తోటి ఉద్యోగి, కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న మదనపల్లె పెద్దాయన, అందరిదీ ఒకటే తీర్పు: బోరు నీళ్లు. ఈ ఊళ్లో ఇద్దరు తెలుగువాళ్లు కొత్తగా కలుసుకుంటే ఇంటి అద్దె, ట్రాఫిక్కు అయ్యాక మూడో మాట జుట్టు గురించే వస్తుందని అప్పటికి నాకు అర్థమైంది.

నేనూ నమ్మాను. నమ్మి, షవరుకు బిగించే ఫిల్టరు ఒకటి కొన్నాను. ఉల్లిపాయ నూనె కొన్నాను. బయోటిన్ అనే విటమిను మాత్రలు మొదలుపెట్టాను. వారానికి రెండుసార్లు పోసుకునే తలంటును భయంతో పది రోజులకు ఒకసారికి తగ్గించాను. వీటిలో ఏ ఒక్కటీ పని చేయలేదు. ఎందుకు పని చేయలేదో పూర్తిగా బోధపడటానికి నాకు దాదాపు నాలుగేళ్లు పట్టింది. ఆ తెలిసినదాన్నీ, మా ఇంట్లో ఇప్పుడు జుట్టుకు రోజూ చేసే చాకిరీనీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆ నవంబరులో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లాను. నేను నీళ్ల సంగతి ఎత్తగానే ఆమె నన్ను ఆపి, “రెండు మూడు నెలల కిందట జ్వరం ఏమైనా వచ్చిందా?” అని అడిగారు. వచ్చింది. జులై చివర్లో డెంగీతో ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. కానీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జుట్టు మామూలుగానే ఉండటం వల్ల ఆ జ్వరానికీ ఈ రాలడానికీ ముడి ఉంటుందని నాకు తట్టనే లేదు. ఆమె నా చెవి పైన ఒక సన్నని పాయను, అరవై వెంట్రుకలు ఉంటాయేమో, రెండు వేళ్ల మధ్య పట్టుకొని కుదురు దగ్గర నుంచి కొన దాకా నెమ్మదిగా లాగారు. తొమ్మిదో పదో చేతికి వచ్చాయి. వాటిని ముదురు నీలం రంగు ఫైలు అట్ట మీద వరుసగా పరిచి, దీపం దగ్గరికి జరిపి చూడమన్నారు. ప్రతి వెంట్రుకకూ ఒక చివర బొంబాయి రవ్వలో పలుకు కన్నా చిన్నదిగా తెల్లటి గుబ్బ ఉంది. ‘కుదురుతో సహా ఊడిపోయింది’ అని మనం గుండెలు బాదుకునేది దీన్ని చూసే. అది కుదురు కాదు. కుదురు చర్మం లోపలే భద్రంగా ఉంటుంది. ఈ గుబ్బ పెరగడం ముగించిన వెంట్రుక అడుగు భాగం మాత్రమే. పండి రాలిన ఆకుకు తొడిమ ఉన్నట్టే దీనికి ఇది ఉంటుంది.

ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. మనిషి తల మీద సగటున లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది. తరువాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆపుకొని, మరో మూడు నెలలు ఊరకే కూర్చొని, రాలిపోతుంది. అదే గుంటలో కొత్తది మొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న తలలో ఏ రోజు చూసినా పదింట ఒక వంతు, అంటే పదివేల వెంట్రుకలు, ఆ విశ్రాంతి దశలో ఉంటాయి. పదివేలను వంద రోజులకు పంచితే రోజుకు వంద. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే అని వైద్యులు చెప్పే మాట వెనుక ఉన్నది ఈ లెక్కే. గట్టి జ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషను, కడుపు మాడ్చుకొని బరువు తగ్గడం వంటివి జరిగినప్పుడు మామూలు కన్నా ఎన్నో ఎక్కువ వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. అవి అప్పటికప్పుడు రాలవు. రెండు మూడు నెలల గడువు తీరాక మూకుమ్మడిగా రాలుతాయి. దీన్ని వైద్యులు టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. జులైలో వచ్చిన జ్వరానికి నా తల అక్టోబరులో సుంకం కట్టిందన్నమాట. ఊరు మారిన మొదటి ఏడాదిలో కొత్త దోమలు, హోటలు తిండి, నిద్ర లేకపోవడం అన్నీ ఒకేసారి మీద పడతాయి; నింద మాత్రం ఎదురుగా కనిపించే కుళాయి మీదికి పోతుంది.

తలంటు తగ్గించడం వల్ల ఏం జరిగిందో కూడా అప్పుడే తెలిసింది. ఎప్పుడో వదులైన వెంట్రుకలు జడలో చిక్కుకొని ఆగి, తల మీద నీళ్లు పడిన రోజున కలిసికట్టుగా బయటికి వస్తాయి. రెండు రోజులకు ఒకసారి పోసుకుంటే వంద, నూట యాభై కనిపించేవి, పది రోజులు ఆగితే అయిదారు వందలై కనిపిస్తాయి. తలంటు వాటిని ఊడబెరకలేదు, లెక్క చూపించింది, అంతే. నేనేమో ఆ ఉండను చూసి ఇంకా భయపడి ఇంకా తలంటు మానేశాను.

మరి నీళ్ల తప్పు ఏమీ లేదా అంటే, ఉంది. కానీ అది వేరే నేరం.

2022 వేసవిలో మా గీజరు వేడెక్కడం మానేసింది. బాగు చేయడానికి వచ్చిన అబ్బాయి లోపలి కాయిలు బయటికి తీసి చూపించాడు. చూపుడువేలంత లావు ఉండవలసిన కడ్డీ తెల్లటి పెచ్చు కట్టి మొక్కజొన్న పొత్తంత అయింది. స్క్రూడ్రైవరుతో తడితే కోడిగుడ్డు పెంకులాగ పలకలు పలకలుగా రాలింది. “పూర్తి సుణ్ణ, మేడమ్” అన్నాడు. కన్నడంలో సుణ్ణ అంటే మన సున్నమే. అంత సున్నం గీజరులో చేరితే అదే నీళ్లు పోసుకునే తలలో ఏం చేరుతోందన్న అనుమానం నాకు మళ్లీ మొదలైంది. ఈసారి మాత్రం కొలిచి చూద్దామనుకున్నాను.

చేపల తొట్లు అమ్మే దుకాణంలో నీటి కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతో, కొలిచే చిన్న కిట్టు దొరుకుతుంది. అయిదు మిల్లీలీటర్ల నీళ్లలో సూచిక మందు వేస్తే అవి ద్రాక్షపండు ఎరుపుకు తిరుగుతాయి; ఆ తరువాత రెండో సీసాలోని ద్రవాన్ని చుక్క చుక్కగా వేస్తూ, నీళ్లు ఎరుపు వదిలి నీలంలోకి మారేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. మా కిట్టులో ఒక్కో చుక్క లీటరుకు 25 మిల్లీగ్రాముల కాఠిన్యానికి లెక్క. మా అమ్మాయి చుక్కలు వేసింది, నేను లెక్కపెట్టాను. ఇరవయ్యో చుక్కకు కూడా ఊదాగానే ఉన్న నీళ్లు ఇరవై ఒకటో చుక్కకు నీలం అయ్యాయి. అంటే 525. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం 200 లోపు ఉండటం మేలు. వేరే నీళ్లు లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. తరువాత షవరు ఫిల్టరు గుండా వచ్చిన నీళ్లు పట్టి మళ్లీ చుక్కలు వేశాము. ఇరవై ఒకటి. అరచేతిలో పట్టే ఆ డబ్బాలు క్లోరినును కొంత పట్టుకోగలవేమో గాని, నీళ్లలో కరిగిన కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ తీసే పని వాటి వల్ల కాదు. ఆ పని చేసేది ఉప్పుతో శుభ్రం చేస్తూ వాడే సాఫ్టెనరు. అది కాల్షియాన్ని పట్టుకొని బదులుగా సోడియాన్ని వదులుతుంది కాబట్టి నీళ్లలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరులో అంకె ఏమీ తగ్గదు. టీడీఎస్ అంకె చూసి నీళ్లు జుట్టుకు మంచివో చెడ్డవో తేల్చడం కుదరదని అప్పుడు తెలిసింది. ఈ తేడా తెలియక మా అపార్ట్‌మెంటు సమావేశాల్లో జరిగిన వాదనలు రాస్తే అదే ఒక పెద్ద వ్యాసం అవుతుంది.

కఠినమైన నీళ్లు వెంట్రుక పైభాగంతోనే పని పెట్టుకుంటాయి. వెంట్రుక మీద పెంకుటింటి కప్పులాగ పొరలు ఒకదాని మీద ఒకటి పరుచుకొని ఉంటాయి. కాల్షియం వాటి మీద చేరినప్పుడు, ముఖ్యంగా రంగు వేసినందువల్లనో వేడి తగిలినందువల్లనో పొరలు అప్పటికే లేచిన జుట్టులో, వెంట్రుక గరుకెక్కుతుంది, మెరుపు పోతుంది, పక్కదానితో రాసుకొని చిక్కు పడుతుంది. వెంట్రుకలను అలాంటి నీళ్లలో నానబెట్టి బలం కొలిచిన ప్రయోగాలలో కొన్ని బలం తగ్గిందన్నాయి, కొన్ని తేడా లేదన్నాయి. నా అనుభవంలో మాత్రం అసలు నష్టం నీళ్ల కన్నా ఆ చిక్కును తీసే చేతిలో ఉంది. కుదురు చర్మం కింద ఉంది కాబట్టి పై నుంచి పోసే నీళ్లు దాని జోలికి పోవు. పైగా నెలకు ఒక సెంటీమీటరు లెక్కన చూస్తే, నడుము దాకా ఉన్న నా జడ కొన అప్పటికి అయిదేళ్ల కిందటిది. అది రాజమహేంద్రవరంలో పుట్టి, గోదావరి నీళ్లు పోసుకొని పెరిగి, ముసలితనంలో బోరు నీళ్ల పాలైంది. ఏడాదికి వంద తలంట్ల చొప్పున అయిదు వందల తలంట్లు చూసిన కొనకూ నిన్న మొలిచిన మొదలుకూ ఒకే రకం సేవ చేయడం అన్యాయమన్న ఎరుక ఆ లెక్క వేసుకున్నాకనే కలిగింది.

అందుకని ఒక ఆదివారం పొద్దున దువ్వెనకు వచ్చిన వెంట్రుకలన్నీ తెల్ల పళ్లెంలో వేసుకొని, అమ్మాయీ నేనూ రెండు కుప్పలుగా విడదీశాము. గుబ్బ ఉన్నవి ఒక వైపు, లేనివి ఒక వైపు. గుబ్బ ఉన్నది తన కాలం తీరి ఊడినది. గుబ్బ లేకుండా పొట్టిగా, చివర చీపురు పుల్లలాగ చీలి ఉన్నది మధ్యలో తెగినది. డెంగీ తరువాత రాలినవన్నీ గుబ్బ ఉన్నవే. ఆ ఉధృతి 2022 మార్చి నాటికి దానంతటదే తగ్గింది. వేసవిలో పాపిట వెంట వేలెడు పొడవున కొత్త వెంట్రుకలు గడ్డిపరకల్లాగ నిక్కబొడుచుకొని కనిపించాయి. ఇప్పుడు పళ్లెంలో సగానికి పైగా గుబ్బ లేనివే. మొదటి కుప్పకు మందు కావాలంటే ఒంట్లో వెతకాలి. రెండో కుప్పకు మందు మన చేతుల్లోనూ దువ్వెనలోనూ ఉంది. ఈ రెండింటినీ కలిపి ‘జుట్టు ఊడుతోంది’ అని ఒకటే మాట అనడం వల్ల దేనికి వాడవలసినది దేనికో వాడి డబ్బు తగలేస్తున్నాము.

మొదట దువ్వెన మార్చాను. వెడల్పు పళ్లది తెచ్చాను. జడ విప్పాక కొన నుంచి జానెడు ఎత్తులో పాయను పిడికిట్లో బిగించి పట్టుకొని, ఆ కింది భాగం చిక్కు ముందు తీసి, తరువాత పిడికిలిని జానెడు పైకి జరిపి, మళ్లీ అక్కడి నుంచి కిందికి దువ్వుతాను. పై నుంచి ఒకేసారి లాగితే దారిలోని చిక్కులన్నీ కొన దగ్గర ముడిపడి, అక్కడే తెగుతాయి. తడి వెంట్రుక రబ్బరులాగ సాగుతుంది, సాగి తెగుతుంది. అందుకే మాలాంటి సాఫు జుట్టువాళ్లు సగం ఆరాక దువ్వుకోవడం మంచిది. ఉంగరాల జుట్టువాళ్లకు మాత్రం తడిగా, కండిషనరు ఉండగానే వేళ్లతో చిక్కు తీసుకోవడం సులువు. తువ్వాలుతో తల రుద్దడం మానేశాము. మామయ్యగారి పాత నూలు పంచెలు మా ఇంట్లో ఇప్పుడు ఆ పనికే ఉన్నాయి. నీళ్లు పీల్చేదాకా చుట్టి ఉంచడం, అద్దడం, అంతే. పొద్దున్నే పోసుకొని తడి జుట్టునే ముడి వేసుకొని ఏడున్నర బస్సుకు పరుగెత్తే అలవాటు నాకు ఉండేది. ఆఫీసు ఏసీలో మధ్యాహ్నం దాకా ఆ ముడి లోపల ఆరేది కాదు. వెంట్రుక ఎక్కువసేపు నీళ్లలో ఉబ్బి ఉండటం కూడా దానికి చేటే. 2011లో కొరియాలో చేసిన ఒక ప్రయోగంలో, డ్రయరును 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచి ఒకచోట నిలపకుండా కదుపుతూ ఆరబెట్టిన జుట్టు, గాలికి వదిలేసి ఆరబెట్టిన జుట్టు కన్నా తక్కువ దెబ్బతిన్నదని తేలింది. అది తెలిశాక డ్రయరు అంటే ఉన్న భయం నాకు తగ్గింది. దగ్గరగా పెట్టి కాల్చేవాళ్లను చూస్తే ఇప్పటికీ తగ్గలేదు.

ఇక తలంటు. సబ్బుతో తల రుద్దుకునే అలవాటు ఎవరికైనా ఇంకా ఉంటే, బోరు నీళ్ల ఊళ్లో అది వెంటనే మానవలసిన పని. సబ్బు కాల్షియంతో కలిసి జిగురు ముద్దగా మారి వెంట్రుకలకు పట్టుకుంటుంది. బకెట్టు అంచున తెల్లగా కట్టేది అదే. షాంపూలలో వాడే పదార్థాలు అలా ముద్ద కట్టవు. కుంకుడుకాయలో నురగనిచ్చే సాపోనిన్లు కూడా కట్టవు. 2022 దీపావళికి మా అత్తయ్యగారు వచ్చి, రెండు కిలోల కుంకుడుకాయల సంచీ దించి, “ఈ నీళ్లకు ఇది నురగ రాదంటావా అమ్మాయ్?” అని సవాలు చేసి, గింజలు కొట్టి తీసి, పెచ్చులు రాత్రంతా నానబెట్టి, పొద్దున వేడినీళ్లలో పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టి మరీ చూపించారు. వచ్చింది. మునివేళ్లతో కొడితే గిన్నె నిండా తెల్లటి నురగ లేచింది. అమ్మాయి కళ్లలో పులుసు పడి ఏడిస్తే, మా చిన్నప్పటిలాగే నాలుక మీద ఉప్పురాయి పెట్టారు. దాని వల్ల మంట ఎందుకు తగ్గాలో నాకు తెలియదు గాని, ఏడుపు తగ్గింది. కుంకుడు మంచిదే, కానీ సరిగ్గా వడకట్టకపోతే పిప్పి జుట్టులో చిక్కుకుంటుంది. చిక్కగా వాడితే షాంపూ కన్నా ఎక్కువగా జిడ్డు లాగేసి జుట్టును పీచు చేస్తుంది. ప్రకృతి ఇచ్చినది కాబట్టి ఎంతైనా వాడవచ్చు అనే మాటతో నేను ఏకీభవించను. సంచీ అయిపోయాక ఇక్కడ ఎక్కడ దొరుకుతాయా అని వెతికితే, పూజా సామాన్లూ మూలికలూ అమ్మే గ్రంధిగె అంగళ్లలో దొరికాయి. కుంకుడు అంటే ఎవరికీ అర్థం కాలేదు. అంటువాళ కాయి అని అడగాలి. శీకాయ మాత్రం సీగెకాయి అంటే ఎక్కడైనా ఇస్తారు.

మామూలు రోజుల్లో షాంపూనే వాడుతున్నాము. చెంచాడు షాంపూను చెంబుడు నీళ్లలో కలిపి, తల చర్మానికి మాత్రమే పట్టించి, గోళ్లతో కాకుండా మునివేళ్ల మెత్తతో రుద్దుతాము. జడ పొడవును విడిగా రుద్దం. పై నుంచి జారే నురగ దానికి చాలు. కండిషనరు దీనికి తలకిందులు: చెవుల కింది నుంచి కొనల దాకా మాత్రమే, చర్మానికి తగలకుండా. షాంపూ అన్న మాట మర్దన చేయమనే హిందీ మాట ‘చాంపో’ నుంచే పుట్టింది. పట్నా నుంచి వెళ్లిన షేక్ దీన్ మహమ్మద్ 1814లో ఇంగ్లండులోని బ్రైటనులో మర్దన స్నానశాల తెరిచి, ఆ మాటను అక్కడివారికి అలవాటు చేశాడు. మర్దన హిందీ మాటలోనే ఉండిపోయి, ఇంగ్లీషువారి సీసాలో నురగ మిగిలింది.

చివరి కడుగు దగ్గర ఒక చిన్న పని చేస్తాను. ఆర్వో యంత్రం నుంచి వచ్చిన మంచి నీళ్లు రెండు చెంబులు పక్కన పెట్టుకొని, అన్నీ అయ్యాక జడ పొడవునా అవి పోసుకుంటాను. పదిహేను రోజులకు ఒకసారి అందులో చెంచాడు నిమ్మరసం కలుపుతాను. పులుపు సున్నాన్ని కరిగిస్తుంది, కుళాయి పెచ్చును నిమ్మచెక్కతో తోమితే పోయినట్టే. ఆర్వో యంత్రం బయటికి వదిలే వృథా నీళ్లను మాత్రం తలకు పోయకూడదు. నీళ్లు పొదుపు చేయాలని 2024 మార్చిలో నేను సరిగ్గా ఆ పొరపాటే చేశాను. బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కోసం ఫోను పట్టుకొని కూర్చునే రోజులవి. తాగే నీళ్లతో కారు కడిగితే జలమండలి 5000 రూపాయల జరిమానా ప్రకటించిన నెల అది. యంత్రం తీసేసిన సున్నమంతా ఆ వృథా నీళ్లలోనే చిక్కబడి ఉంటుంది. ఇల్లు తుడవడానికి అవి చాలు.

నూనె విషయంలో మా ఇంట్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు. రాత్రంతా తలకు నూనె కారుతూ ఉండాలని అత్తయ్యగారి పట్టు. కొబ్బరినూనె గురించి ఆవిడ మాట ఒక మేరకు నిజమే: 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి చూస్తే, వెంట్రుక నుంచి మాంసకృత్తులు కొట్టుకుపోకుండా గణనీయంగా కాపాడినది కొబ్బరినూనె ఒక్కటే అని తేలింది. అందులోని లారిక్ ఆమ్లం చిన్నది, నిటారుగా ఉండేది కావడం వల్ల వెంట్రుక లోపలికి దూరగలదు. దూరి, నీళ్లకు ఉబ్బకుండా అడ్డుపడుతుంది. కాబట్టి నూనె చేసే మేలు వెంట్రుక పొడవుకు, అదీ తలంటుకు ముందు. ఒక గంట ముందు జడకు రాసుకుంటే చాలని నేను అనుకుంటాను. దానితో కొత్త జుట్టు మొలుస్తుందనుకోవడం ఆశ మాత్రమే. ఆముదం మరీ చిక్కన. అది పట్టించి పొడవాటి జుట్టును నడినెత్తికి చుట్టి రుద్దడం వల్ల విడదీయరాని ఉండ కట్టిన సందర్భాలు వైద్య పత్రికలలోకి ఎక్కాయి. బెంగళూరులో ఇంకో తంటా ఉంది: కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మా సీసా పొద్దున పూట గడ్డే. రాజమహేంద్రవరంలో అంతగా కనిపించని ఆ దృశ్యాన్ని అత్తయ్యగారు ఇక్కడ మొదటిసారి చూసి, దుకాణంవాడు డాల్డా కలిపాడని రెండు రోజులు నమ్మారు.

చుండ్రు ఉన్న తలకు నూనె పెట్టడం మాత్రం మంటలో నెయ్యి పోసినట్టే. చుండ్రుతో పొత్తు ఉన్న మలసీజియా అనే సూక్ష్మజీవి తల జిడ్డునే తిని బతుకుతుంది. మావారికి హెల్మెట్టు కింద చెమట పట్టి చుండ్రు వస్తే, వైద్యురాలు కీటోకొనజోల్ షాంపూ రాసి, నురగను అయిదు నిమిషాలు ఉంచి కడగమన్నారు. ఆ అయిదు నిమిషాలు ఆగలేకనే చాలామంది మందు పని చేయలేదంటారు. హెల్మెట్టు వల్ల బట్టతల రాదు. లోపల ఒక నూలు రుమాలు కట్టుకొని, దాన్ని రోజూ ఉతుక్కుంటే చాలు. తలపై నాణెమంత మేర గుండ్రంగా నున్నగా జుట్టు పోతే మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు గాని, అందులో పేల పాత్ర ఏమీ లేదు; ఒంట్లోని రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద తిరగబడటం వల్ల వస్తుంది. ఉల్లిపాయ రసం మహిమ అంటూ ఇప్పుడు ప్రచారమయ్యేదానికి మూలం 2002లో ఈ పేనుకొరుకుడు మీద జరిగిన ఒక చిన్న అధ్యయనం. దాన్ని జ్వరం తరువాతి రాలడానికీ, వంశపారంపర్య బట్టతలకూ అంటగట్టి అమ్ముతున్నారు. నేను కొన్న సీసా సగం అలాగే ఉంది. వాసనకు ఇంట్లో ఎవరూ మూత తీయనివ్వరు.

గుబ్బ ఉన్న కుప్ప మూడు నాలుగు నెలలు దాటినా తగ్గకపోతే హిమోగ్లోబిను, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిను, థైరాయిడు చూపించుకోవాలి. నాకు ఫెరిటిను తక్కువని తేలింది, ఆరు నెలలు ఇనుము మాత్రలు వేసుకున్నాను. మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. ఈ ఊళ్లో ఆ నియమం పాటించడం ఎంత కష్టమో ఇక్కడి ఫిల్టరు కాఫీ తాగినవారికి తెలుసు. బయోటిన్ మాత్రల సంగతి రక్తం ఇచ్చే ముందు తప్పకుండా చెప్పాలి. అది థైరాయిడు పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలదు. తిండిలో లోపం లేనివారికి దానితో జుట్టు పెరిగిన దాఖలా కూడా లేదు.

గుబ్బ లేని కుప్ప మా అమ్మాయి తలలో ఎక్కువగా ఉండేది. బడికి రెండు జడలు మడిచి కట్టాలి; ఊడకుండా ఉండాలని నేను కణతల దగ్గర చర్మం సాగేంత బిగించి వేసేదాన్ని. కణతల మీద జుట్టు పల్చబడటం చూసి, ముందు దాన్ని కూడా నీళ్ల ఖాతాలోనే రాశాను. ఒకరోజు ఆ పిల్లే, “అమ్మా, నువ్వు జడ వేస్తే కనుబొమ్మలు పైకి వెళ్తాయి” అంది. అలా రోజూ లాగుతూ పోతే కుదుళ్లు శాశ్వతంగా చచ్చిపోయే ప్రమాదం ఉంది. మొదట్లోనే వదులు చేస్తే తిరిగి వస్తుంది. ఇప్పుడు పాపిట వారానికి ఒక వైపు మారుస్తాను, సన్న రబ్బరు బ్యాండ్లు పారేసి గుడ్డ చుట్టినవి కొన్నాను, రాత్రి వదులు జడ వేసి పడుకోబెడతాను. సాయంత్రానికి నాలుగు వెంట్రుకలు చెదిరి ఉంటే బడిలో ఎవరూ ఏమీ అనలేదు.

కావేరి అయిదో దశ నీళ్లు 2024 అక్టోబరు 16న మొదలయ్యాయి. నగర శివారులో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్ల పథకం అది. మా అపార్ట్‌మెంటుకు గొట్టం కలిసింది 2025 ఫిబ్రవరిలో. ఆ వారమే కిట్టు తీసి చుక్కలు వేశాము. బోరు నీళ్లు కలిసి వస్తున్నా ఎనిమిదో చుక్కకే నీలం తిరిగింది. నెల తిరిగేసరికి చిక్కు తగ్గింది, జడ కొన చేతికి మెత్తగా తగిలింది, పళ్లెంలో గుబ్బ లేని కుప్ప చిన్నదైంది. గుబ్బ ఉన్న కుప్ప అంతే ఉంది. కావేరి వచ్చాక రాలడం ఆగిపోతుందని ఎదురుచూసిన పక్క ఫ్లాటు అక్క ఇప్పుడు నీళ్లలో కలిపే క్లోరినును అనుమానిస్తున్నారు. ఆవిడకు మేలో కాన్పయిన కూతురు ఉంది. ఆ పిల్ల జుట్టు ఆగస్టులో రాలడం మొదలైతే కంగారు పడవద్దని ముందే చెప్పి ఉంచాను.

జూన్ మూడో వారంలో మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చి తొమ్మిది రోజులు మంచం మీద ఉంది. జ్వరం తగ్గిన రోజు రాత్రి, వంటింట్లో వేలాడే క్యాలెండరులో సెప్టెంబరు కాగితం ఎత్తి, మూడో వారం పక్కన పెన్సిలుతో చిన్నగా ‘జడ’ అని రాశాను. అత్తయ్యగారు చూసి, ఆ వారం ఏం పండగ వస్తుందని అడిగారు.